కోళ్ళకు పడని మొక్కలు

దామోదర్‌కు కోళ్ళమీద పగేమీ లేదు. పులుసులో ఉన్నంతసేపూ వాటిమీద అతనికి సదభిప్రాయమే. అవి కాళ్ళమీద నడిచి తన తోటలోకి వస్తాయని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఆ తోట సంగతి ముందు చెప్పాలి. బెంగళూరులో కె.ఆర్.పురం స్టేషను దాటాక, ఒకప్పుడు రాగి పండిన నేలలో వెలిసిన లేఅవుట్లో అతని ఇల్లు. చుట్టుపక్కల వాళ్ళంతా సైటు అంచుదాకా గోడలు లేపి, పైన ఇంకో అంతస్తు వేసి అద్దెకిచ్చుకుంటుంటే, దామోదర్ మాత్రం రెండు గదుల ఇల్లు కట్టుకుని వెనక జాగా అంతా మొక్కలకు వదిలేశాడు. ఉద్యోగం ఊరికి ఆ కొసన, ఎలక్ట్రానిక్ సిటీలో కరెంటు మీటర్లు చేసే కంపెనీలో. క్వాలిటీ విభాగం. అంటే పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఇతరుల తప్పులు పట్టుకోవడం, పట్టుకున్నందుకు వాళ్ళ తిట్లు తినడం. పోనూ రానూ కంపెనీ బస్సులో కునికిపాట్లు. ఆదివారం వస్తే అతనికి తోటే లోకం. అక్కడ తప్పు పట్టవలసింది ఏదీ ఉండేది కాదు.

గోడ వెంబడి గులాబిరంగు గన్నేరు. గేటు పక్కన పచ్చగన్నేరు. నీడపట్టున మచ్చల ఆకుల డంబ్ కేన్ కుండీలు. కంచె మీద లంటానా. మూలన తలకిందులుగా వేలాడే పెద్ద తెల్ల ఉమ్మెత్తపూలు. అన్నిటికీ నడుమ, ఎర్ర ఇటుకలతో కట్టిన గుండ్రటి మడిలో అడీనియం. నర్సరీవాళ్ళు ఎడారి గులాబి అంటారు. ఏనుగు పాదంలా ఉబ్బిన మొదలు, దాని మీద ఎంచి పెట్టినట్టు నాలుగు కొమ్మలు, కొమ్మకొమ్మకూ పూలు. దాన్ని మొలక నాటి నుంచి పెంచాడు. లేఅవుట్ అసోసియేషన్ జనవరిలో పెట్టే ఇంటితోటల పోటీలో ఆ చెట్టు వల్లే అతనికి మొదటి బహుమతిగా స్టీలు బిందె వచ్చింది. "నా పుట్టినరోజు మర్చిపోతారుగానీ దానికి ఎరువు వేసే రోజు మర్చిపోరు" అనేది అతని భార్య ప్రేమకుమారి. నిజం కాబట్టి అతను బదులు చెప్పేవాడు కాదు.

రెండువేల మూడు వానాకాలంలో ప్రేమకుమారి తల్లి కదిరమ్మకు కంట్లో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ బెంగళూరులో చేయిద్దామని కూతురు పిలిచింది. రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాలి, మూణ్ణెల్లు ఉండాలి. దామోదర్ సంతోషంగానే ఒప్పుకున్నాడు. అత్తగారు కదిరి పక్క పల్లెలో తమ్ముడి పంచన ఉండే మనిషి, నోట్లో నాలుక లేని మనిషి. అల్లుడి ఎదుట కొంగు నెత్తిమీద నుంచి జారనిచ్చేది కాదు, అతనితో నేరుగా మాట్లాడేదీ కాదు. ఏదైనా చెప్పాలంటే కూతురికి చెప్పేది, అతను పక్కనే ఉన్నా సరే. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఉన్నట్టే తెలియదు అనుకున్నాడు.

కదిరి బస్సు కె.ఆర్.పురం వంతెన దగ్గర ఆగింది. కదిరమ్మ దిగింది. ఆమె వెనకే కండక్టర్ ఒక గంప అందించాడు. పైన పాత చీర కట్టి ఉంది. ఆ చీర కింద నుంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించింది.

"ఏమిటండీ అది?" అన్నాడు దామోదర్.

కూతురు ఇంటి దగ్గరే ఉండిపోయింది. అల్లుడితో మాట్లాడకూడదు. కదిరమ్మ అటూ ఇటూ చూసి, అల్లుడు మాట్లాడి ఉంచిన ఆటో డ్రైవర్ వైపు తిరిగింది. "మా అల్లుడికి చెప్పప్పా. కోళ్ళను ఇంటికాడ ఇడ్సిపెట్టి వస్తే నేను తిరిగి పొయ్యేలోగా మా తమ్ముడు కూర చేసుకోని తినేస్తాడు. అందుకే తెచ్చినా."

డ్రైవర్ ఆ మాటలు పొల్లుపోకుండా అల్లుడికి అప్పజెప్పాడు. అంతమంది మధ్య, గంప చంకన పెట్టుకుని నిలబడ్డ ముసలామె ముందు మనిషన్నవాడు ఏమంటాడు?

"దానిదేముందండీ," అన్నాడు దామోదర్.

ఆ ముక్క అన్నందుకు మర్నాడు పొద్దున్నే చింతించాడు. ఒక పుంజు, నాలుగు పెట్టలు. పుంజు గోడెక్కి కూసి లేఅవుట్ అంతటినీ లేపింది. పెట్టలు లంటానా మొదళ్ళ దగ్గర మట్టి కెలికి, డంబ్ కేన్ కుండీ ఒకటి దొర్లించి, గుండ్రటి మడిలో అడీనియం చుట్టూ వేసిన గులకరాళ్ళను చిందరవందర చేసి, ఆ గుంటలో రెక్కలు విదిలించుకుంటూ ధూళిస్నానం చేస్తున్నాయి. కదిరమ్మ మెట్టుమీద కూర్చుని వాటిని చూసి మురిసిపోతోంది. "చూడమ్మీ, యెంత ఇశాలంగా ఉండాదో అని కోళ్ళకు బో సంతోషంగా ఉండాది" అంటోంది కూతురితో.

అత్తగారిని కోళ్ళు తీసెయ్యమనడం ఎలా? అందులోనూ రేపో మాపో కంటి ఆపరేషన్ కాబోయే మనిషిని? మింగలేక కక్కలేక బస్సెక్కాడు దామోదర్. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసులో అందరూ వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చుని, నెట్‌లో కోళ్ళ గురించి వెతికాడు. కోళ్ళు ఏ జబ్బులు తెస్తాయో, ఏ చట్టం వాటిని ఊళ్ళో ఉంచకూడదంటుందో చూద్దామని అతని ఉద్దేశం. ఆ రెండూ దొరకలేదుగానీ అంతకంటే గొప్పది దొరికింది. పెరట్లో కోళ్ళు పెంచేవాళ్ళు వెయ్యకూడని మొక్కలట. గన్నేరు, పచ్చగన్నేరు, లంటానా, డంబ్ కేన్, ఉమ్మెత్త. చదువుతున్నకొద్దీ అతని ముఖం వికసించింది. ఇది తన తోటను చూసి రాసినట్టే ఉంది. ఒక్క మంచి మొక్క లేదు. అన్నీ విషాలే! ఆ పేజీలన్నీ ప్రింటు తీసి సంచీలో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర గొంతు తగ్గించి, కాస్త వణికించి, మీటరు పేలితే ఏమవుతుందో మేనేజ్‌మెంట్‌కు చెప్పే ధోరణిలో చెప్పాడు.

"ప్రేమా, ఒక సీరియస్ విషయం. మన తోట కోళ్ళకు సేఫ్ కాదు. గన్నేరాకు ఒక్కటి తిన్నా గుండె ఆగిపోతుందట. లంటానా తింటే లివర్ పోతుంది. డంబ్ కేన్ కొరికితే నాలుక వాచి ఊపిరాడదు. పాపం నోరులేని జీవాలు. నాకు మధ్యాహ్నం నుంచి మనసు మనసులో లేదు."

ప్రేమకుమారి ముద్ద చేతిలోనే ఆపేసింది. గడప దగ్గర కూర్చున్న కదిరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా ఊర్లో గన్నేరు చెట్ల కిందనే తిరుగుతా ఉంటాయి, ఏమీ కాల్యా" అంది కూతురితో మెల్లగా. వెంటనే తనే సర్దుకుంది. "చదువుకున్నోళ్ళు చెప్తే ఊరికే చెప్తారా. ఈడ గన్నేరు వేరే రకమేమో."

దామోదర్ రెండో భాగం కూడా సిద్ధం చేసుకునే ఉన్నాడు. వెనక వీధిలో అసోసియేషన్ అధ్యక్షుడు చిక్కమునియప్పగారి పాత గొడ్ల కొట్టం ఖాళీగా ఉంది. కోళ్ళను మూణ్ణెల్లు అక్కడ ఉంచుదాం, ప్రాణాలు దక్కుతాయి అని. కానీ అత్తగారి కళ్ళలో నీళ్ళు చూసి, ఇవాళ విషయం మనసుల్లోకి ఇంకనీ, ఉపాయం రేపు చెబుదాం అనుకున్నాడు. ఏదైనా వేడిమీద చెప్పకూడదని అతని ఉద్యోగం నేర్పిన పాఠం. ఆ పాఠమే కొంప ముంచింది.

మర్నాడు సాయంత్రం వీధి మలుపు తిరిగేసరికి చిక్కమునియప్ప ఎదురొచ్చాడు. ఈ లేఅవుట్ ఒకప్పుడు ఆయన రాగిచేను. సైట్లు చేసి అమ్మాక ఆయనకు పొద్దు పోవడం కష్టమై అసోసియేషన్ పెట్టాడు. భుజం మీద పెద్ద గన్నేరు మొద్దు, వేళ్ళకు తడి గోనె చుట్టి ఉంది.

"ఏమప్పా దామోదరా, కోళ్ళ కోసరం తోటనే తీసేస్తా ఉండావంటే? నీ మనసు దొడ్డదప్పా," అన్నాడు ఆయన. "మీ ఇంట్లో ఆడోళ్ళు పీకి పారేస్తా ఉండారు. సుమ్మనే, ఊరికే ఎండబెట్టేదెందుకని నేను ఎత్తుకోని పోతా ఉండాను. మా ఇంట్లో కోళ్ళూ లేవు, ఏమీ లేవు."

దామోదర్ పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు. గోడ వెంబడి వరసగా గోతులు. పచ్చగన్నేరు లేదు, లంటానా లేదు, డంబ్ కేన్ కుండీలు బోర్లించి ఉన్నాయి. ప్రేమకుమారి చెమటతో, మట్టి చేతులతో నిలబడి ఉంది. పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడని చూపు ఒకటి అతనివైపు చూసింది.

"మీకు చెబితే బాధగా ఉంటుందని, మీరు లేనప్పుడే తీయించేశాను. మొక్కలంటే ప్రాణమిచ్చే మనిషి, మా అమ్మ కోళ్ళ కోసం అంత బాధపడ్డారు. అమ్మ రాత్రంతా మీ గురించే చెప్పుకుంది."

ఇక అక్కడ ఏం చెప్పగలడు? నేను కోళ్ళను బతికించాలని కాదు, పంపించెయ్యాలని చెప్పాను అనాలా? ఆ చూపు చూశాక ఆ మాట అనేవాడు మగాడైతే కావచ్చుగానీ మొగుడు కాలేడు. "మంచిపని చేశావు" అని చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎక్కువసేపు కడుక్కున్నాడు.

అది మొదలు రోజూ ఒక విచారణ. అతను బస్సు దిగి రాగానే కదిరమ్మ కూతుర్ని పంపేది. ఇదేమన్నా విషమా అని అడగమ్మీ, అదేమన్నా విషమా అని అడుగు. విషం కాదంటే కోళ్ళు దాని చుట్టూ హాయిగా కెలుకుతాయి. విషమంటే మొక్క ఆ పూటే లేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉమ్మెత్త అలాగే పోయింది. బిళ్ళగన్నేరు పోయింది. మనీ ప్లాంట్ తీగ గోడ దిగి చిక్కమునియప్ప ఇంటికి నడిచింది.

చివరకు అడీనియం దగ్గరకు వచ్చింది ప్రశ్న. దామోదర్ ఆ కాగితాల్లో ఉన్న సంగతి ఎరుగును. అడీనియం గన్నేరు కులంలోదే, పాలలో విషమే. కానీ దాని మొదలు మీద చెయ్యి వేసి నిలబడి, "ఇది మంచిదే" అన్నాడు. "ఎడారి మొక్క. అక్కడ ఒంటెలు దీన్నే తింటాయి."

ఒంటెల మాట ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే తెలియదు. కదిరమ్మ మాత్రం నమ్మింది. ఒంటె తినేది కోడి తినలేదా అంది.

అబద్ధం ఆడటం అలవాటు లేనివాడికి ఒక్క అబద్ధం చాలు. ఆ తర్వాత ఆదివారాలు అతనికి తోటలో శాంతి లేకపోయింది. మెట్టుమీద కూర్చుని చెట్టును కాపలా కాయడమో, కోళ్ళను కాపలా కాయడమో తెలియకుండా కూర్చునేవాడు. పెట్టల్లో ఒకటి నల్లది, మెడ దగ్గర బంగారు చాయ. అది మరీ చనువుగా అతని చెప్పుల మీదే వచ్చి నిలబడేది. "పో" అనేవాడు. పోయేది కాదు. కొన్నాళ్ళకు "పో" అనడం మానేశాడు.

కదిరమ్మ రెండో కంటికి ఆపరేషన్ అయి, కట్టు విప్పే రోజు వచ్చింది. తల్లినీ కూతుర్నీ ఆటో ఎక్కించి, ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాడు దామోదర్. కోళ్ళకు గింజలు వెయ్యడానికి వెళ్ళేసరికి నల్లపెట్ట రాలేదు. వెతికితే అడీనియం మడి వెనక, ఇటుకల సందులో ముడుచుకుని కూర్చుని ఉంది. ఈకలన్నీ ఉబ్బి రెండింతలైంది. కళ్ళు అరమూసి ఉన్నాయి. గింజలు ముందు పోసినా మూతి పెట్టలేదు. నీళ్ళు పెట్టినా చూడలేదు. లోపల ఎక్కడి నుంచో గురగురమని శబ్దం. ఎత్తబోతే మూలిగినట్టు అరిచి చేతిమీద పొడిచింది. ఫిట్స్ అనుకున్నాడు. పక్కనే అడీనియం ఆకు ఒకటి, సగం చిరిగి, నేలమీద పడి ఉంది.

దామోదర్‌కు సంగతి అర్థమైంది. ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నా చెప్పుకునే వీలు లేదు. తినకూడదని తెలిసిన ఒకే ఒక్క మనిషి తను. తినొచ్చని చెప్పిన మనిషీ తనే. మీటర్లలో లోపం దాచిపెట్టి పాస్ చేసిన సూపర్‌వైజర్లను ఎంతమందిని నిలబెట్టి కడిగేశాడో గుర్తొచ్చింది. బెల్లం నీళ్ళు కలిపి చెంచాతో పట్టబోయాడు. అది చెంచాను కూడా పొడిచింది. మిగతా కోళ్ళు చుట్టూ తిరుగుతున్నాయి. ఏ క్షణాన ఏది ఆ చెట్టును కొరుకుతుందో. ఇంకో ఆలోచన లేకుండా షెడ్డులోంచి గడ్డపార తెచ్చాడు.

ఇన్నేళ్ళు పెంచిన చెట్టు అంత తేలిగ్గా రాలేదు. వేళ్ళు ఇటుకల కిందికి పోయాయి. తవ్వుతూ తవ్వుతూ ఒక దశలో ఏడుస్తున్నానని అతనికి తెలిసింది. చెట్టు కోసమా, కోడి కోసమా అని అడిగితే చెప్పలేకపోయేవాడు. మొదలును రెండు చేతులా కావలించుకుని, పూలతో సహా మోసుకుపోయి, వీధి చివర ఖాళీ సైటులో దించి వచ్చాడు. వచ్చి నల్లపెట్ట పక్కన మట్టిలో చతికిలబడ్డాడు.

మధ్యాహ్నం ఆటో వచ్చింది. నల్ల కళ్ళద్దాలతో కదిరమ్మ దిగి, దొడ్లోకి వచ్చి, ముందు గోతిని చూసింది. తర్వాత అల్లుణ్ణి చూసింది. అతను పెట్టను వేలితో చూపించాడు.

కదిరమ్మ కళ్ళద్దాలు ఎత్తి, వంగి, పెట్ట కింద చెయ్యి పెట్టింది. పెట్ట గుర్రుమంది. ఆమె ఒక గుడ్డు తీసింది, ఇంకొకటి తీసింది. "యేమ్మీ, దీనికేం రోగం! పొదుక్కొచ్చింది. గుడ్ల మీద కూచున్న కోడిని కదిలిస్తే పొడవక ముద్దు పెట్టుకుంటాదా?"

ప్రేమకుమారి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే గోతివైపు తిరిగింది. "మరి ఆ చెట్టెందుకు పీకేశారు? అది మంచిదేనన్నారు కదా?"

దామోదర్ తలొంచుకున్నాడు. "ఎందుకైనా మంచిదని," అన్నాడు.

అప్పుడు జరిగింది ఆ ఇంట్లో ఎవరూ ఎరగనిది. కదిరమ్మ కూతురివైపు తిరగలేదు. కొంగు సర్దుకుని, నేరుగా అతని ముఖంలోకి చూసి, "నాయనా, ఒక కోడి కోసరం బిడ్డ మాదిరి పెంచుకున్న చెట్టును పీకేస్తివా!" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అతనితో పలికిన మొదటి మాట అది. ఆ మాటకు తను అర్హుణ్ణి కాదని చెప్పడానికి అదే సరైన సమయం. దామోదర్ చెప్పలేదు. గోతిలోకి మట్టి తోశాడు.

సాయంత్రం మనసాగక ఖాళీ సైటుకు వెళ్ళి చూశాడు. చెట్టు లేదు. ఎవరి గోడ వెనక నాటుకుందో అడగవలసిన పనీ లేదు.

ఖాళీ నేలను అలా వదిలెయ్యలేక, పై ఆదివారం నర్సరీకి వెళ్ళాడు. ఇదివరకు ఏ పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఏ ఆకు రంగు బాగుంటుంది అని అడిగేవాడు. ఇప్పుడు ప్రతి మొక్క దగ్గరా ఆగి "కోళ్ళు తింటే ఏమీ కాదు కదా?" అని అడిగాడు. నర్సరీ అతను ముందు నవ్వాడు, తర్వాత కొంచెం దూరంగా నిలబడి జవాబులు చెప్పాడు. మందారం, గులాబి, బంతి, తులసి, పుదీనా, తోటకూర విత్తనాలు, మునగ కొమ్మ. అన్నీ ఆ కాగితాలతో సరిపోల్చుకుని, కోళ్ళకు హాని చెయ్యనివని నూటికి నూరుపాళ్ళు తేల్చుకుని తెచ్చి, గీత గీసినట్టు వరసల్లో నాటాడు. పని పూర్తయ్యాక నడుం పట్టుకుని నిలబడి చూసుకున్నాడు. బాగానే ఉంది. ఇంతకంటే సురక్షితమైన తోట బెంగళూరులో ఇంకొకటి ఉండదు.

ఆ సంగతి కోళ్ళు కూడా వెంటనే గ్రహించాయి. తోటకూర మొలక నేల పైకి తల ఎత్తిన రోజే పోయింది. పుదీనా కాడలు మిగిలాయి. బంతిపూల రేకులు ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాయి, తీరుబడిగా, విందులో కూర్చున్నట్టు. మందారం అందినంత మేర బోడిదైంది. అందనిచోటికి పుంజు ఎగిరింది. వారం తిరక్కుండానే ఆ నేల గోళీలాడుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది.

అప్పుడు, మెట్టుమీద కూర్చుని ఆ ఎర్రమట్టిని చూస్తున్నప్పుడు, దామోదర్‌కు ఒక సంగతి తట్టింది. కోళ్ళు వచ్చిన తొలి రోజుల్లో గన్నేరు కింద తిరిగాయి, లంటానా మొదట్లో పురుగులు ఏరుకున్నాయి, అడీనియం చుట్టూ పొర్లాడాయి. ఒక్క ఆకు కొరకలేదు. ఆ చిరిగిన ఆకు కూడా ధూళిస్నానంలో గోరు తగిలి చిరిగిందే అయ్యుండాలి. విషం ఉన్నన్నాళ్ళూ తోటా ఉంది, కోళ్ళూ ఉన్నాయి. మంచి మొక్కలు వేశాక కోళ్ళే మిగిలాయి. ఎంత గొప్ప పరిశోధన! ఆఫీసులో అయితే దీనికి బోర్డు ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంట్లో చెబితే కొట్టేది చప్పట్లు కాదు.

కదిరమ్మ వెళ్ళేనాటికి నల్లపెట్ట పిల్లలు లేపింది. బస్సు దగ్గర దించడానికి వెళ్ళిన దామోదర్ గంప ఏదీ అని చూశాడు. గంప లేదు.

"కోళ్ళను నీకే ఇడ్సిపెడతా ఉండా నాయనా," అంది కదిరమ్మ, ఇప్పుడు ఆటో డ్రైవర్ సాయం లేకుండానే. "నీ అంత బాగా నేను కూడా చూసుకోలేను. వాటిని చూడకపోతే నీకు తెల్లారదు, నాకు తెలుసు."

జనవరిలో ఇంటితోటల పోటీ జరిగింది. మొదటి బహుమతి చిక్కమునియప్పకు వచ్చింది. గోడ వెంబడి గన్నేరు, గేటు పక్కన పచ్చగన్నేరు, నడుమ నిండా పూసిన అడీనియం చూసి న్యాయనిర్ణేతలు ముగ్ధులైపోయారట. బిందె అందుకుంటూ చిక్కమునియప్ప మైకులో, "ఇదంతా మన దామోదర్ చలువప్పా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దామోదర్ కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

అది మొదలు అతను లేఅవుట్లో కోళ్ళ పెద్దమనిషి అయ్యాడు. మేడమీద చైనా కోళ్ళు పెంచుకునే సమీనా గారు ఏ మొక్కలు వెయ్యాలో అడగడానికి వచ్చేవారు. కోడి ఈకలు రాలుతున్నాయని ఒకరు, గుడ్డు పెంకు పల్చబడిందని ఒకరు. ముందు ముఖం మాడ్చుకుని చెప్పేవాడు. తర్వాత నెట్‌లో చూసి మరీ చెప్పేవాడు. ఆఫీసులో తప్పు చూపిస్తే తిట్టేవాళ్ళు. ఇక్కడ తప్పు చూపిస్తే దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. మనిషి మర్యాద ఎక్కడ దొరికితే అక్కడికే లొంగుతాడు.

రెండువేల ఆరు మాఘమాసంలో మహారాష్ట్రవైపు ఎక్కడో కోళ్ళకు జబ్బు వచ్చిందని పేపర్లలో పడింది. టీవీల్లో తెల్లకోట్లు, ముఖాలకు గుడ్డలు, గోతులు. కోడి మాంసం కొట్లు మూతపడ్డాయి. గుడ్లు కొనేవాడు లేడు. సమీనా గారు తన కోళ్ళను ఎవరికో ఇచ్చేశారు. అసోసియేషన్ ఆదివారం మీటింగు పెట్టింది.

ప్రేమకుమారికి కూడా భయం పట్టుకుంది. "పోనీ ఇచ్చేద్దామండీ. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు," అంది. అంతకుముందే కదిరి నుంచి ఫోను. "నాయనా, నా మాట ఇను. కోళ్ళు ఇయ్యాళ పోతే రేపు వస్తాయి. ఇంట్లో మనుషులు బాగుండాల. యాడికన్నా తోలెయ్యి," అంది కదిరమ్మ.

మూడేళ్ళ కిందట దామోదర్ ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని వెతికింది సరిగ్గా ఇదే. కోళ్ళు జబ్బు తెస్తాయి. భార్య ఒప్పుకుంది. అత్తగారు ఒప్పుకుంది. వీధంతా బతిమాలుతోంది. ఒక్క మాటంటే చాలు, నింద తనమీద ఉండదు, నేల తనకు మిగులుతుంది. మీటింగుకు నడుస్తూ ఆ మాట మనసులో రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు.

కమ్యూనిటీ హాల్లో చిక్కమునియప్ప నొచ్చుకుంటూనే మొదలుపెట్టాడు. "చూడప్పా దామోదరా, నీ మీద ఎవరికీ కోపం లేదు. అందరికీ భయం పట్టుకోని ఉండాది. స్వల్ప రోజులు యాడన్నా ఇచ్చేస్తే గలాటె ఉండదు. నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

దామోదర్ లేచాడు. చెప్పవలసిన మాట గొంతుదాకా వచ్చింది. వచ్చిన మాట వేరు.

"జబ్బు ఎక్కడుందండీ? ఊళ్ళు దాటి ఎన్ని వందల మైళ్ళ అవతల. మన జిల్లాలో ఒక్క కేసు ఉందా? మా కోళ్ళు గోడ దాటి ఎప్పుడు బయటికి వెళ్ళాయి? బయటి పిట్టలు కలవకుండా చుట్టూ తీగ జాలీ వేస్తాను. పశువుల డాక్టరును పిలిపించి చూపిస్తాను. ఆయన తప్పని రాసిస్తే నేనే తీసేస్తాను. లేనిదానికి నోరులేని జీవాల్ని..." ఇక్కడ గొంతు వణికింది. మూడేళ్ళ కిందట అన్నం దగ్గర ఇదే మాట ఎంత తేలిగ్గా, ఎంత బాగా వణికించాడో! ఈసారి వణకకుండా ఆపుదామన్నా ఆగలేదు.

వెనక నుంచి ఎవరో దగ్గారు. చిక్కమునియప్ప తల గోక్కుని, "సరే, డాక్టరు వచ్చి చూడనీ. అంతదాకా నెల రోజులు జాలీలోనే ఉంచప్పా," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ప్రేమకుమారి గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఏమన్నారు?"

"నెల రోజులు బయటికి వదలకూడదన్నారు."

"మీరేమన్నారు?"

"నెల చాలదేమో, రెండు నెలలు చూద్దామన్నాను."

ఆమె అతనివైపు వింతగా చూసి, నవ్వబోయి మానుకుంది. దామోదర్ చొక్కా చేతులు మడిచి దొడ్లోకి వెళ్ళాడు. జాలీ చుట్ట సాయంత్రానికి వచ్చింది. ఒకప్పుడు గుండ్రటి మడి ఉన్నచోట గుంజలు పాతి, చుట్టూ తీగ బిగించాడు. కోళ్ళను లోపలికి తోలడానికి చాలాసేపు పట్టింది. అన్నిటికంటే చివర చిక్కింది నల్లపెట్ట. చిక్కాక అతని మణికట్టు మీద గట్టిగా ఒక పోటు పొడిచింది. లోపల అన్నీ కలిసి వీధి అదిరేలా అరవసాగాయి. దామోదర్ జాలీ పక్కన గొంతుక్కూర్చుని, మణికట్టు రుద్దుకుంటూ, రెండు నెలలంటే ఎంత త్వరగా గడిచిపోతాయో వాటికి చెప్పడం మొదలుపెట్టాడు.